కింద నెట్టు, పైన కంప్యూటర్లు: వైరు లాగాలా, ఎక్స్‌టెండరు కొనాలా, ఇంకో కనెక్షనా?

మేడమీద_మురళి
గుంటూరులో సొంత ఇల్లు. కిందొక పోర్షను, పైనొక పోర్షను. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను. నెట్ వాళ్లు రూటర్ పెట్టెని కింద హాల్లో టీవీ పక్కన బిగించి వెళ్లారు. అమ్మానాన్నల ఫోన్లు, టీవీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. కంప్యూటర్లన్నీ పైన ఉన్నాయి: నా ఆఫీసు ల్యాప్‌టాప్, మా ఆవిడ డెస్క్‌టాప్, తమ్ముడి గేమింగ్ కంప్యూటరు. మెట్ల పక్క గదిలో ఫర్వాలేదు గానీ వెనక గదుల్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. ఆఫీసు కాల్‌లో నా మొహం నోరు తెరిచినట్టే ఆగిపోతుంటే మా టీమ్ వాళ్లు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుంటున్నారు.

ఎవరినడిగితే వాళ్లొకటి చెబుతున్నారు. షాపతను మెష్ సెట్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టే రెండు మూడు రూటర్ల జట్టు) కొనమంటాడు. బావగారు సిగ్నల్ అందుకుని మళ్లీ పంచే ఎక్స్‌టెండర్ చాలంటారు. నెట్ బిగించిన అబ్బాయి పైకి ఇంకో కనెక్షన్ తీసుకోమంటాడు. తమ్ముడు వైరే కావాలంటాడు. ఈ సంక్రాంతికే రంగులు వేయించాం కాబట్టి గోడకి చిల్లు అన్నానంటే నాన్నగారు నన్నే బయటికి పంపేస్తారు.

ఇంకో సంగతి. మా ఆవిడ ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా తమ్ముడి కంప్యూటర్‌లోంచి కూడా తెరుచుకోవాలి. ప్రింటర్ ఒక్కటే, అందరికీ అందాలి. ఏం చేయమంటారు?

నరసరావుపేట_నాని
ఎక్స్‌టెండర్ తీసుకో బ్రో. పదిహేను వందల్లో పనైపోతుంది. మెట్ల దగ్గర ప్లగ్గులో పెట్టు, బటన్ నొక్కు, అంతే. మా ఇంట్లో అదే. గోడకి గీత కూడా పడదు.

వైరింగ్_వాసు
వైరు.

గోంగూర_గిగాబిట్
వాసు గారికి ఇవాళ మూడ్ బాలేనట్టుంది. మామూలుగా అయితే "వైరు లాగండి" అని రెండు మాటలు అనేవారు.

సుధ_కూకట్‌పల్లి
నాని గారి సలహా ఫోన్లు చూసుకోవడానికి సరిపోతుంది. మురళి గారి అవసరం వేరు. చవకరకం ఎక్స్‌టెండర్లలో ఒకటే రేడియో ఉంటుంది. కింద పెట్టె చెప్పింది అదే వినాలి, విన్నది మళ్లీ అదే పైవాళ్లకు చెప్పాలి. రెండు పనులూ ఒకే చానల్ మీద, కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే అసలు ఉపయోగమే ఉండదు, ఒక గీత సిగ్నల్ అందుకుని ఆ ఒక గీతనే పంచుతుంది. ఫోన్‌లో మాత్రం నాలుగు గీతలూ నిండుగా కనిపిస్తాయి, మనం సంతోషపడతాం.

కాల్స్‌కి కావలసింది స్పీడ్ కంటే నిలకడ. ఒక వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. మధ్యలో తెగకూడదు, అంతే. ఎక్స్‌టెండర్ అక్కడే దెబ్బ కొడుతుంది.

నరసరావుపేట_నాని
సగం పోయినా 50 మిగులుతుంది కదండీ. కాల్‌కి 4 చాలని మీరే అన్నారు.

సుధ_కూకట్‌పల్లి
మెట్ల దగ్గర పెట్టె నుంచి 100 అందితే కదా అందులో సగం 50 అయ్యేది. స్లాబు దాటాక 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై బ్యాండ్ మీద ఎంత అందుతుందో మురళి గారినే కొలవమనండి. పైగా పక్కిళ్ల వై-ఫైలన్నీ అదే బ్యాండ్‌లో ఉంటాయి. అందులో ఒకదాన్నొకటి తొక్కని చానళ్లు 1, 6, 11 మూడే. వీధిలో పది పెట్టెలుంటే వాటిలోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో ఖాళీ ఎక్కువే గానీ అది కాంక్రీటు దాటలేక చతికిలబడుతుంది.

మేడమీద_మురళి
కొలిచాను. హాల్లో 96. మెట్ల మలుపులో 31. నా టేబుల్ దగ్గర ఒకసారి 6, ఒకసారి 2, ఇంకోసారి టెస్టే పూర్తవలేదు.

గోంగూర_గిగాబిట్
31లో సగం 15. నాని గారూ, లెక్క సరిపోయిందా?

నరసరావుపేట_నాని
15 చాలదా ఏంటి? మా ఇంట్లో ముగ్గురం బతుకుతున్నాం.

డాలస్_బాబాయ్
మెష్ పెట్టుకో మురళీ. మా ఇంట్లో మూడు ముక్కల సెట్టు. పై అంతస్తులో ఒకటి, కింద ఒకటి, గరాజ్‌లో ఒకటి. పెట్టిన రోజు నుంచి దాని జోలికే పోలేదు. డబ్బులు పోతే పోయాయి గానీ ప్రశాంతంగా ఉంది.

వైరింగ్_వాసు
బాబాయ్, మీ ఇంటి గోడలు చెక్క చట్రం మీద జిప్సం బోర్డు. పిడికిలితో గుద్దితే చిల్లు పడుతుంది. ఇక్కడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు ప్లాస్టరు, పైన ఇనుప ఊచల జల్లెడతో ఐదారు అంగుళాల స్లాబు. మెష్‌లో ముక్కలు ఒకదాంతో ఒకటి గాలిలోనే మాట్లాడుకోవాలి. మధ్యలో స్లాబు వస్తే ఖరీదైన ఎక్స్‌టెండర్ కొన్నట్టే. అదే మెష్ ముక్కల మధ్య వైరు ఇస్తే అద్భుతంగా పనిచేస్తుంది. వైరు ఎలాగూ లాగాక మెష్ ఎందుకు, మామూలు రూటర్ చాలు.

డాలస్_బాబాయ్
అదీ నిజమే. కిందటిసారి మా విజయవాడ ఇంటికొచ్చినప్పుడు పక్క గదిలో ఉన్న రూటర్ సిగ్నల్ కూడా అందలేదు. పోనీ ఇంట్లో పాత టీవీ కేబుల్ ఉంటే దాని మీదే నెట్ పంపే అడాప్టర్లు వస్తాయి, మోకా అంటారు. లేకపోతే కరెంటు ప్లగ్గుల మీదుగా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు. రెండింటికీ కొత్త వైరింగ్ అక్కర్లేదు.

సుధ_కూకట్‌పల్లి
మోకా అడాప్టర్లు మన షాపుల్లో దొరకడమే కష్టం. తెప్పించుకుంటే అయ్యే ఖర్చుతో ఇల్లంతా ల్యాన్ వైరు (కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ కేబుల్) లాగించొచ్చు. పవర్‌లైన్ మాత్రం ఒక్క ప్రశ్న మీద తేలిపోతుంది. మురళి గారూ, పైకీ కిందికీ ఒకటే కరెంటు మీటరా?

మేడమీద_మురళి
వేర్వేరు మీటర్లండి. పైభాగం ముందు అద్దెకిచ్చాం, అప్పుడు విడిగా పెట్టించారు.

సుధ_కూకట్‌పల్లి
అయితే మర్చిపోండి. పవర్‌లైన్ సిగ్నల్ ఒకే మీటరు కింద, వీలైతే ఒకే ఫేజులో ఉంటేనే నమ్మకంగా నడుస్తుంది. ఇన్వర్టర్, ఏసీ, పాత ఫ్యాన్ రెగ్యులేటర్లు వాటి చిరాకు అవి కలిపి పెడతాయి. వేర్వేరు మీటర్లయితే డబ్బు బూడిదే.

కేబుల్_గారబ్బాయి
మాది ఊళ్లో నెట్, కేబుల్ ఇచ్చే వ్యాపారం, కాబట్టి లోపలి మాట చెబుతా. పైకి ఇంకో కనెక్షన్ తీసుకుంటే నెలనెలా ఇంకో బిల్లు కట్టాలి, ఊరికే. మీకు చాలనిది నెట్ కాదు, అది పైకి ఎక్కట్లేదు అంతే. దానికి ఇంకో 100 ఎంబీపీఎస్ కొనడం దేనికి?

కొత్త కనెక్షన్ కంటే మంచి దారి ఉంది, ఎవరూ చెప్పలేదు. పెట్టెనే పైకి మార్పించండి. ఫైబర్ తీగ స్తంభం నుంచి మీ డాబా మీదుగానే దిగి ఉంటుంది కదా? కిందికి వెళ్లే తీగని పైనే ఆపి, పై గదిలో పెట్టె బిగిస్తే సరి. షిఫ్టింగ్ చార్జీ కొంత తీసుకుంటారు. కంప్యూటర్లు ఎక్కడుంటే పెట్టె అక్కడే ఉండాలి.

గోంగూర_గిగాబిట్
వాహ్. ఆపరేటర్ గారే కనెక్షన్ వద్దనడం ఇదే మొదటిసారి చూడ్డం. మీ నాన్నగారు ఈ పోస్టు చూడకుండా చూసుకోండి.

కేబుల్_గారబ్బాయి
ఆయనకి వాట్సాప్ తప్ప ఏదీ రాదు, భయం లేదు 😄

మేడమీద_మురళి
మంచి ఐడియానే. కానీ పెట్టె పైకెక్కితే కింద నాన్నగారి టీవీకి నెట్ పోతుంది. రాత్రి 9 గంటలకు ఆయన సీరియల్ ఆగిందంటే నా ఆఫీసు కాల్ ఆగడం కంటే పెద్ద గొడవ.

వైరింగ్_వాసు
టీవీ ఫుల్ క్వాలిటీలో ఆడడానికి పది, పదిహేను చాలు. మెట్ల పైమలుపులో పెట్టె పెడితే రెండు వైపులకూ వస్తుందేమో గానీ, రెండు వైపులా సగం సగమే. పెట్టె ఎక్కడున్నా పైకో కిందికో ఒక వైరు తప్పదు. మురళి గారూ, మీ పాత డిష్ కేబుల్ ఎక్కడ దిగుతుంది? డాబా మీద గొడుగు ఉండే ఉంటుంది.

మేడమీద_మురళి
గొడుగు ఉంది, తుప్పు పట్టి. ఇప్పుడు టీవీ అంతా నెట్ మీదే. దాని నల్ల కేబుల్ డాబా నుంచి గోడలోని పైపులో దిగి, పైన మా గదిలో ఒక డబ్బాలో తేలి, అక్కడి నుంచి కిందికి వెళ్లి హాల్లో టీవీ వెనక వస్తుంది.

వైరింగ్_వాసు
ఇది మొదట్లోనే చెప్పుంటే ఇన్ని పోస్టులు మిగిలేవి కదండీ! గోడలో మీకు ఖాళీ పైపు ఉన్నట్టే. చిల్లు అక్కర్లేదు, రంగూ పోదు. ఇలా చేయండి.

క్యాట్‌6 రకం ల్యాన్ వైరు, అసలు రాగిది, మీ గది డబ్బా నుంచి హాలు దాకా కొలిచి మూడు మీటర్లు ఎక్కువ తీసుకోండి. చవగ్గా దొరికే దాంట్లో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. లోపలి సన్న తీగని బ్లేడుతో గీకితే తెల్లగా కనబడుతుంది, అది వద్దు. వంగినచోట పుటుక్కున తెగుతుంది.

డబ్బా దగ్గర పాత నల్ల కేబుల్ కట్ చేయండి. కిందికి వెళ్లే ముక్క కొసని రెండంగుళాలు చెక్కి, కొత్త వైరు కొసకి పక్కపక్కన పెట్టి, ఇన్సులేషన్ టేపు సన్నగా, పొడుగ్గా చుట్టండి. ముడి వేయొద్దు. లావుగా ఉంటే పైపు మలుపులో ఇరుక్కుంటుంది. ఆర్‌జే45 కనెక్టరు (వైరు కొసకి పెట్టే ప్లగ్గు) ముందే కొట్టి లాగాలని చూడకండి, అదీ ఇరుక్కుంటుంది. కింద ఒకరు పాత కేబుల్‌ని మెల్లగా లాగాలి, పైన ఒకరు కొత్త వైరుకి టాల్కం పౌడరు రాస్తూ లోపలికి తోయాలి. లాగేవాడు, తోసేవాడు ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేయండి. ఇరుక్కుంటే బలం చూపించకుండా ఒక జానెడు వెనక్కి తీసి మళ్లీ లాగండి.

ఒక హెచ్చరిక. ఆ పైపులో కరెంటు తీగలు కూడా ఉంటే ఆపేయండి. 230 వోల్టుల తీగలతో ల్యాన్ వైరుని ఒకే పైపులో పెట్టకూడదు.

గోంగూర_గిగాబిట్
పైన తమ్ముడు, కింద మురళి గారు, ఫోన్‌లో కాల్. ఆ కాల్ కూడా వై-ఫై మీదే చేశారనుకోండి, "హలో వినిపిస్తోందా" దగ్గరే రాత్రైపోతుంది.

పాతమోడెం
ఈ వైర్ల గోల చూస్తే 1999 గుర్తొస్తోంది. అప్పుడు విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అని ఒకటొచ్చింది. ఒక కంప్యూటర్‌కి ఫోన్ లైను మోడెం, దాంట్లోనే ఒక ల్యాన్ కార్డు, అక్కడి నుంచి క్రాస్ కేబుల్‌తో (రెండు కంప్యూటర్లని నేరుగా కలిపే వైరు) రెండో కంప్యూటర్‌కి. మొదటి కంప్యూటరే రూటరన్నమాట. మా అన్నయ్య పరీక్షల ముందు దాన్ని ఆఫ్ చేసి పడుకునేవాడు, నా నెట్టూ పడుకునేది. అదే ఫోన్ లైను కాబట్టి ఎవరైనా రిసీవర్ ఎత్తితే ఇద్దరిదీ తెగేది.

తర్వాత 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్, 256 కేబీపీఎస్. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంతైనా దించుకోవచ్చనే ప్లాను వచ్చాక ఇంట్లో అందరం గుడ్లగూబలమైపోయాం.

నరసరావుపేట_నాని
256ని ఇద్దరు పంచుకున్న కాలంలో మీరంతా హాయిగా ఉన్నారు. నా 15 మాత్రం చాలదు 🙏

అద్దెఇంటి_అనిత
పాతమోడెం గారూ, ఆ కనెక్షన్ షేరింగ్ ఇప్పుడు కూడా ఉందా? నేను బాచుపల్లిలో అద్దెకుంటున్నాను. మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. నా డెస్క్‌టాప్‌లో వై-ఫై లేదు, ల్యాప్‌టాప్‌లో ఉంది. ల్యాప్‌టాప్‌కి వచ్చిన నెట్‌ని వైరుతో డెస్క్‌టాప్‌కి ఇవ్వొచ్చా?

పాతమోడెం
ఉందమ్మా. నెట్‌వర్క్ కనెక్షన్లలో వై-ఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ అనే ట్యాబు. అందులో టిక్కు పెట్టి కింద ఈథర్నెట్ ఎంచుకోవాలి. క్రాస్ కేబుల్ అక్కర్లేదు, ఇప్పటి ల్యాన్ పోర్టులు మామూలు కేబుల్‌తోనే సర్దుకుంటాయి. డెస్క్‌టాప్‌కి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వస్తే పని జరిగినట్టే. ల్యాప్‌టాప్ నిద్రపోతే మాత్రం డెస్క్‌టాప్‌కి నెట్ ఉండదు, మా అన్నయ్య కథే. విండోస్ 10, 11లో ఒక్కోసారి రీస్టార్ట్ చేశాక ఆ టిక్కు తీసి మళ్లీ పెట్టాల్సి వస్తుంది.

సుధ_కూకట్‌పల్లి
అనితా, అంత అవస్థ దేనికి? యూఎస్‌బీకి పెట్టే చిన్న వై-ఫై డాంగిల్ కొనుక్కోండి, రెండు బ్యాండ్లున్నది. కొనేలోపు ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే చాలు: ఫోన్‌ని వై-ఫైకి కలిపి, యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్‌కి వచ్చే వై-ఫై డెస్క్‌టాప్‌కి వెళ్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. టెథరింగ్ పెట్టాక వై-ఫై గుర్తు పైన ఉందో లేదో ఒకసారి చూసుకోండి. అది తెగితే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటా మీదికి వెళ్తుంది.

అద్దెఇంటి_అనిత
టెథరింగ్ ఇప్పుడే పెట్టాను, వచ్చేసింది!! ఇంకో డౌట్. మా ఓనర్ ఆంటీ "మా నెట్ వాడుకో, సగం డబ్బులు ఇవ్వు" అంటున్నారు. పాస్‌వర్డ్ ఇస్తారట. మంచిదేనా?

కేబుల్_గారబ్బాయి
చాలా కంపెనీల షరతుల్లో కనెక్షన్ ఆ ఇంటివాళ్లు వాడుకోవడానికే, డబ్బులు తీసుకుని బయటివాళ్లకి ఇవ్వకూడదు అని ఉంటుంది. ఎవరూ వచ్చి చూడరు గానీ ఏదైనా జరిగితే ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే. టెన్షన్ మీకంటే ఆంటీకే ఎక్కువ ఉండాలి.

పాతమోడెం
2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ గుర్తుందా? నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వై-ఫైలోంచి పంపారు. ఆయనకి ఏ పాపమూ తెలియదు, అయినా పోలీసులు ముందు వెళ్లింది ఆయన దగ్గరికే. ఇంటి వై-ఫైకి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోవాలన్న మాట మనవాళ్లకి బాగా ఎక్కింది ఆ తర్వాతే.

సుధ_కూకట్‌పల్లి
నీ వైపు నుంచి కూడా ఆలోచించు అనితా. ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే నువ్వు షేర్ చేసిన ఫోల్డర్లు వాళ్ల ఇంట్లోంచి కనబడొచ్చు. వాళ్లు ఇస్తానంటే గెస్ట్ నెట్‌వర్క్ అడుగు, అందులో ఒకరి పరికరాలు ఒకరికి కనబడవు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని పెట్టుకో. ఎక్కువ రోజులు ఉండేట్టయితే చిన్న ప్లాను నీ పేరు మీదే తీసుకో.

గోంగూర_గిగాబిట్
సగం డబ్బులిచ్చాక ఆంటీ రాత్రి పదింటికి రూటర్ ఆఫ్ చేసి "పడుకో అమ్మా" అంటారు. మా రూమ్‌మేట్ అనుభవం.

మేడమీద_మురళి
అప్‌డేట్. పైపులో కరెంటు తీగలు లేవు. వైరు దిగింది! ఒక మలుపు దగ్గర మొరాయించింది గానీ వాసు గారన్నట్టు వెనక్కి తీసి లాగితే జారిపోయింది. పౌడరు వాసన హాలంతా. అమ్మ డబ్బా ఖాళీ చేశామని తిట్టింది, నాన్నగారు మాత్రం గోడ చూసి ఏమీ అనలేదు, అంటే మెచ్చుకున్నట్టే.

ఇప్పుడు రెండు కొసలకీ కనెక్టరు కొట్టాలి. తమ్ముడు దాన్ని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ తెచ్చాడు. పైన పెట్టడానికి పాత రూటర్ ఒకటి ఇంట్లోనే ఉంది, ఇదివరకటి కనెక్షన్‌ది. అది వాడొచ్చా, ఒక వైరుని నాలుగైదు కంప్యూటర్లకి పంచే నెట్‌వర్క్ స్విచ్ కొనాలా?

వైరింగ్_వాసు
రంగుల వరుస, కనెక్టరు క్లిప్పు కిందికి పెట్టి ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలూ ఇదే వరుస. ఎనిమిది తీగలూ కనెక్టరు చివరి గోడకి తగలాలి, నొక్కే ముందు ఎదురుగా పెట్టి ఎనిమిది రాగి చుక్కలూ లెక్కపెట్టండి. బయటి తొడుగు కూడా కనెక్టరు లోపలికి దూరాలి, లేకపోతే రెండుసార్లు లాగితే ఊడొస్తుంది. ఎనిమిదిలో ఏ ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రాదు. అప్పుడప్పుడు 100 దగ్గర ఆగిపోతుంది, ఒక్కోసారి అసలు లైటే వెలగదు.

సుధ_కూకట్‌పల్లి
పాత రూటర్ వాడొచ్చు. కానీ ఊరికే తగిలిస్తే గందరగోళం అవుతుంది, ఇది చూసి చేయండి.

కింది నుంచి వచ్చిన వైరుని పాత రూటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లోపలికి వచ్చేది) పెడితే పైన ఇంకో నెట్‌వర్క్ తయారవుతుంది. నెట్ వస్తుంది, అందుకని అందరూ బాగుందనుకుంటారు. తీరా కింద ఉన్న ఫోన్ నుంచి పై ప్రింటర్‌కి ప్రింట్ ఇస్తే కనబడదు. అందుకే ముందు పాత రూటర్‌ని విడిగా ఒక కంప్యూటర్‌కి కలిపి సెట్టింగుల్లోకి వెళ్లండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (వై-ఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకుంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే రెండు పనులు. ఒకటి, దాని సొంత అడ్రస్ మార్చండి: కింద పెట్టె 192.168.1.1 అయితే దీనికి అదే వరుసలో వేరే అంకె, పెట్టె పంచే అంకెల్లో లేనిది. రెండు, అందులో డీహెచ్‌సీపీ ఆపేయండి, అడ్రసులు పంచే పెత్తనం ఇంట్లో ఒక్కరికే ఉండాలి. ఆ తర్వాత వైరుని వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో (కంప్యూటర్లు తగిలించేది) పెట్టండి.

వై-ఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే ఇవ్వండి, ఫోన్లు మెట్లెక్కుతుంటే వాటంతట అవే మారతాయి. చానల్ మాత్రం కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ.

గోంగూర_గిగాబిట్
"పెత్తనం ఇంట్లో ఒక్కరికే ఉండాలి". ఈ ముక్క మాత్రం మురళి గారి ఆవిడకి చూపించకండి.

డాలస్_బాబాయ్
చూపించినా కొత్తగా తెలిసేదేం లేదు లే.

మేడమీద_మురళి
యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు, రెండో పద్ధతిలో చేశా. నా టేబుల్ దగ్గర వైరు మీద 95. కాల్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. మా టీమ్ వాళ్లు నిరాశగా ఉన్నారు. ట్యాలీ కూడా తమ్ముడి కంప్యూటర్‌లో తెరుచుకుంది, కాకపోతే ఒకరు తెరిస్తే ఇంకొకరికి రావట్లేదు.

తమ్ముడికి వేరే బాధ. గేమ్ ఫోల్డర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే సెకనుకు 11 ఎంబీ దాటట్లేదట. క్యాట్‌6 వేసి ఏం లాభం అంటున్నాడు.

సుధ_కూకట్‌పల్లి
ట్యాలీ సంగతి వైరుకి సంబంధం లేదు. సిల్వర్ లైసెన్సు ఒక్కరికే. ఇద్దరు ఒకేసారి పనిచేయాలంటే గోల్డ్ తీసుకోవాలి.

వైరింగ్_వాసు
ఎనిమిది ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక ఎంబీ. 11 వస్తోందంటే మీ పాత రూటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. అందులో వైరు తప్పేం లేదు. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి కొనండి, వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కింది నుంచి వచ్చే వైరు స్విచ్‌లోకి, మూడు కంప్యూటర్లూ స్విచ్‌లోకి, పాత రూటర్ కూడా స్విచ్‌లోకి. రూటర్ ఇక వై-ఫైకి మాత్రమే. కంప్యూటర్ల మధ్య కాపీలు స్విచ్‌లోనే తిరుగుతాయి, కింద పెట్టె దాకా రావు, కాబట్టి కాపీ నడుస్తున్నా నాన్నగారి సీరియల్ ఆగదు. స్పీడ్ సెకనుకు 100 ఎంబీ దాటాలి, దాటకపోతే హార్డ్ డిస్కుని అడగండి.

నరసరావుపేట_నాని
వైరు, కనెక్టర్లు, టూల్, ఇప్పుడు స్విచ్. నా పదిహేను వందలు దాటిపోయాయి, గమనించారా?

మేడమీద_మురళి
దాటాయి నాని గారూ. టూల్ తమ్ముడు వాళ్ల ఆఫీసులోంచి అడిగి తెచ్చాడు కాబట్టి మరీ ఎక్కువ దాటలేదు. స్విచ్ రేపు తెస్తాం.

ఇంకొకటి చెప్పండి. కరెంటు పోతే కింద పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తుంది. పైన మాకు ఇన్వర్టర్ లేదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, నెట్ మాత్రం ఆగిపోతుంది.

కేబుల్_గారబ్బాయి
12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది, రూటర్ల కోసమే. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి సరిపోయేది తీసుకోండి. చిన్న స్విచ్‌లు చాలావరకు 5 వోల్టులవి, కొన్ని 9, 12 కూడా. రెండూ ఒకేదానికి తగిలించాలంటే రెండు రకాల వోల్టేజీలూ ఇచ్చేది అడగండి.

వైరింగ్_వాసు
కరెంటు పోయినప్పుడు కింది వైరుని స్విచ్‌లోంచి పీకి ల్యాప్‌టాప్‌లో నేరుగా పెట్టుకోండి. యూపీఎస్ కొనేదాకా ఖర్చు లేదు.

అద్దెఇంటి_అనిత
నా డాంగిల్ రేపు వస్తుంది. రెండు బ్యాండ్లదే పెట్టా. డెస్క్‌టాప్ వెనక యూఎస్‌బీలో పెట్టాలా, ముందా?

సుధ_కూకట్‌పల్లి
ముందు. వెనక పెడితే ఇనుప క్యాబినెట్టు, గోడ అడ్డం వస్తాయి. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే దాంతో టేబుల్ మీదకి తెచ్చుకుంటే ఇంకా మేలు.